కాంట్రాక్టర్: శ్రీమతి సంజన

“జర ముఖం కడుక్కొని పౌడర్ రాసుకొని రా. వీడియో తీసేది ఉన్నది.”

నేను అప్పుడు మాడిన బగారా గంజు తోముతున్నాను. ముందురోజు మధ్యాహ్నం మా ఇంట్లో పదిమంది కాంట్రాక్టర్లు తిని పోయారు. అడుగంటిన అన్నం అప్పటినుంచి నానుతున్నా ఊడి రావడం లేదు. బాబు పక్క గదిలో తొట్టెలలో పడుకున్నాడు. వాడు కదిలితే కొక్కెం కిర్రుమంటుంది. ఆ చప్పుడు కోసం నా చెవి ఒకటి ఎప్పుడూ అటే ఉంటుంది. మా ఆయన లక్ష్మణ్ వంటింటి గడపలో నిలబడి, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే ఆ మాట అన్నాడు.

కొత్తవాళ్ళెవరైనా వింటే పెళ్ళాం మీద ముచ్చటపడి వీడియో తీస్తున్నాడనుకుంటారు. అది డిజిటల్ సంతకం కోసం. రెండేళ్ళకోసారి దాని గడువు తీరిపోతుంది. అప్పుడు నేను ఫోన్ ముందు కూర్చుని, కళ్ళార్పుతూ, నా పేరు చెప్పి, ఈ సంతకం కోసం నా ఇష్టంతో నేనే దరఖాస్తు చేసుకున్నానని చెప్పాలి. సంతకం ఇచ్చే కంపెనీవాళ్ళు అది చూసుకుని ఒప్పుకుంటే సంతకం పెన్‌డ్రైవ్ లాంటి ఒక చిన్న దానిలోకి వస్తుంది. మా ఇంట్లో దాన్ని ‘కీ’ అంటారు. అది లాప్‌టాప్‌కు గుచ్చితేనే సర్కారు పనికి టెండర్ పడుతుంది. కీ ఉన్నది నా పేరు మీద. ఉండేది మాత్రం ఆయన బండి తాళాల గుత్తికి.

కామారెడ్డిలో ఇంటర్ రెండో సంవత్సరం సగంలో ఉండగా నాకు పెళ్ళి చేసి ఎల్లారెడ్డికి పంపారు. అప్పటికే ఆయన తీసుకున్న ఒక మోరీ కాలువ పని మధ్యలో ఆగిపోయి, ఇక ఆయన పేరు మీద పనులు ఇచ్చేది లేదని సర్కారు ఆఫీసువాళ్ళు చెప్పేశారు. “నీ పేరు మీద ఫర్మ్ పెడదాం. పేరుకే నువ్వు, పనంతా నాది” అన్నాడు. కాగితాల మీద నాతో సంతకాలు పెట్టించిన రోజు మా అత్తమ్మ గౌరవ్వ వాడకట్టంతా మిఠాయి పంచింది. “మా కాలంల ఆడిదాని పేరు ఎవలు రాసిండ్రే? నా కొడుకు నిన్ను బోర్డు మీదికి ఎక్కించిండు. ఇంకేం గావాలె నీకు?” అంది. అబద్ధమెందుకు, ఆ రోజు నాకూ సంతోషంగానే ఉంది. హాల్‌టికెట్లు, పెళ్ళిపత్రిక, ఆ తర్వాత నా పేరు అచ్చులో చూసుకున్నది అప్పుడే.

పేరుకే అన్నాడు గానీ, ఫర్మ్‌కు ఇచ్చిన ఫోన్ నంబరు కూడా నాదే. అందుకని ఓటీపీలన్నీ నాకు వస్తాయి. బాబుకు పాలిస్తుంటే ముందు గదిలోంచి “ఓటీపీ!” అని కేక. స్నానం చేస్తుంటే తలుపు మీద దబదబ, “ఓటీపీ!” ఒకసారి నూటమూడు జ్వరంతో కళ్ళు తెరవలేకపోతుంటే ఫోన్ నా ముఖం ముందు పెట్టి చదివించుకున్నాడు. కాగితాలు స్కాన్ చేసేది, సైజు తగ్గించేది, ఒక్కొక్కటి ఎక్కించేది కూడా నేనే, ఒళ్ళో పిల్లవాణ్ణి పెట్టుకుని. “ఇంటర్ దాక సదివినవ్ గదా, జర నొక్కు” అంటాడు. ఆయన చేసేదల్లా చివర్లో ఒక అంకె చెప్పడం.

ఆ అంకెను లెస్ అంటారు. ఒక పనికి ఇంత ఖర్చవుతుందని సర్కారు లెక్క కడుతుంది. దానికంటే ఎవరు ఎక్కువ తగ్గించి రాస్తే పని వాళ్ళకు. అందరూ పోటీపడి తగ్గిస్తే ఎవరికీ మిగలదు కాబట్టి వాళ్ళు ముందే కూర్చుని మాట్లాడుకుంటారు. ఈసారి నీది, వచ్చేసారి నాది. వంతు వచ్చినవాడు కాస్త లెస్ వేస్తాడు. మిగతావాళ్ళు ఎక్కువ ధర రాసి ఊరికే సపోర్ట్ టెండర్లు వేస్తారు. చూసేవాళ్ళకు నలుగురు పోటీపడ్డట్టే ఉంటుంది. లాడ్జిలో కూర్చుంటే లోకానికి తెలుస్తుందని ఆ కూర్చోవడం మా ఇంట్లో పెట్టారు. మటన్, బగారా, పెరుగు పచ్చడి, ఆ తర్వాత గిన్నెలు. ఇవేవీ ఏ టెండర్‌లోనూ ఉండవు.

నిన్న కూడా అదే. గాంధారి అవతల తండాల్లో రెండు అంగన్‌వాడీ బిల్డింగులు. ఈసారి వంతు మాది. పెరుగు గిన్నె పట్టుకుని నేను గదిలోకి పోయేసరికి ఖయ్యూం భాయ్, మా ఆయనకంటే పెద్ద కాంట్రాక్టర్, ఎముక పక్కన పెట్టి అన్నాడు: “అరే లక్ష్మణ్, గిందరం మొగోళ్ళం కూసొని ఫైసలా చేస్తున్నం గని, అసలు ప్రొప్రైటర్ మేడం వంటింట్ల ఉన్నది గదా! జర ఆమెను అడుగుండ్రి, ఎంత లెస్ వేస్తదో.”

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా మా ఆయన నవ్వాడు. “ఆమెకు కూరల ఉప్పు వేసుడే రాదు భాయ్, లెస్ ఏం వేస్తది?”

నేను ఒక్కొక్కరి పళ్ళెంలో పెరుగు వేసుకుంటూ పోయాను. నా కళ్ళ ముందు ఉన్నది ఆ పళ్ళేలు కాదు, ఒక స్లాబు.

పోయిన ఏడాది కూడా అటువైపే ఒక తండాలో అంగన్‌వాడీ వచ్చింది మాకు. ఆసారి మాటలు కుదరలేదు. ఖయ్యూం భాయ్ మొండికేశాడు, మా ఆయన పంతానికి పోయి ఎవరూ వేయనంత లెస్ వేశాడు. పని మనదేనని తెలిసిన సాయంత్రం మిర్చీబజ్జీలు తెచ్చి “గెలిచినం” అన్నాడు. నేను ఉండబట్టలేక అడిగాను, “గింత తక్కువకు తెచ్చినవ్, సిమెంటుకు ఎట్ల సరిపోతది?” అని. బజ్జీ నములుతూ నవ్వాడు. “ఇసుక ఉన్నది గదనే. నీకెందుకు గదంతా? నువ్వు ఓటీపీ జెప్పు చాలు.”

వానాకాలంలో ఒకరోజు నాకు ఫోన్ వచ్చింది. “కాంట్రాక్టర్ సంజన మేడమేనా? బోర్డు మీద నంబర్ చూసి చేస్తున్న. నేను అంగన్‌వాడీ టీచర్ గంగామణిని.” నన్ను కాంట్రాక్టర్ అని పిలిచినవాళ్ళు అంతకుముందు లేరు. అన్నం తిని పిల్లలు పడుకున్నారట. స్లాబు పెచ్చు ఊడి ఒక పిల్ల మీద పడిందట. ఆయనకు చెప్పమని ఆయన నంబరిచ్చాను. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి నా మీద లేచాడు. “నా నంబర్ ఎందుకిచ్చినవే? గా టీచర్ చేస్తే ఎత్తకు. నాలుగు దినాలు ఒర్రి ఊకుంటరు.” తనూ ఎత్తలేదు. ఆమె చేస్తూనే ఉంది. ఆయన ఫోన్ బల్ల మీద పురుగులా బుర్రుమంటూ కదిలేది, ఆయన బోర్లా తిప్పి పెట్టేవాడు.

బాబుకు సూది వేయించాలని కామారెడ్డికి, మా అమ్మగారింటికి పోయినప్పుడు, అమ్మకు కూడా చెప్పకుండా గాంధారి ఆటో ఎక్కాను. అక్కడినుంచి తండాకు ఇంకో ఆటో. బిల్డింగు గోడ మీద నీలిరంగు, దాని మీద చిలుకలు, ఏబీసీడీలు. లోపల పైకి చూస్తే స్లాబుకు ఒక మనిషి పడుకున్నంత మేర తుప్పుపట్టిన ఇనుము బయటికి కనిపిస్తోంది. వేలితో గోడను గీరితే ఇసుక జలజలా రాలింది. పిల్లల్ని బయట రేకుల కింద కూర్చోబెట్టారు. దెబ్బ తగిలిన పిల్లకు నాలుగేళ్ళు. జుట్టు తీసేసిన చోట కుట్లు. కుడి కన్ను సగమే తెరుచుకుంటోంది. అది నా బాబు కాలి పట్టీని పట్టుకుని ఆడించింది. వాడు కిలకిలా నవ్వాడు.

ఆ పిల్ల తల్లి నన్ను ఎగాదిగా చూసి అడిగింది. “మీరు ఎవలు? ఆఫీసోళ్ళా?”

ఆమె నా జవాబు కోసం ఆగలేదు. గోడ మీది బోర్డు చూపించింది. కాంట్రాక్టర్: శ్రీమతి సంజన. “గా సంజన అంటే ఎవలో ఏమో గని, ఆమెకు పిల్లలు లేనట్టున్నరు” అంది.

బాబును చంకలో ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను. వాడు నొప్పికి ఏడ్చాడు.

ఇంటికొచ్చి ఆయనకు చెప్పాను, పోయినందుకు తిడతాడని తెలిసే చెప్పాను. “ఆ స్లాబు కొట్టేసి మళ్ళ పొయ్యాలె. ఆ పిల్ల పేరు...” అనబోయాను. “పిల్ల పేరు నాకెందుకే?” అని మధ్యలోనే కోసేశాడు. “మళ్ళ పొయ్యనీకి పైసలు మీ అమ్మగారు ఇస్తరా?” ఆ రోజునుంచి నేను మా ఇంటి కప్పును కూడా నమ్మలేకపోతున్నాను. గది నడుమ ఉన్న తొట్టెలను గోడ వారకు మార్చాను, మళ్ళీ అక్కడినుంచి గుమ్మం దగ్గరికి మార్చాను. పడుకున్నా కళ్ళు కప్పు మీదే. అత్తమ్మకు విసుగొచ్చింది. “స్లాబు ఇంట్ల ఉండుకుంట గూడ గీ బుగులేందే పిల్లా? గుడిసెల పెంచినం మేము పిల్లల్ని.” గుడిసె కప్పు మీద పడితే పిల్ల బతుకుతుంది అత్తమ్మా అందామనుకున్నాను.

ఇప్పుడు మళ్ళీ రెండు బిల్డింగులు. మూడు గంటలకు టెండర్ మూత పడుతుంది. కీ గడువు తీరిందని పొద్దున చూసుకుని పరుగులు పెడుతున్నాడు.

ముఖం కడుక్కుని పౌడర్ రాసుకుని కూర్చున్నాను. చేతులకు ఇంకా బూడిద వాసన. ఆ మాట చెప్పనని మొండికేస్తే ఏమవుతుంది? మళ్ళీ తీస్తాడు. అత్తమ్మ వస్తుంది, మా అమ్మకు ఫోన్ పోతుంది, పిల్లవాణ్ణి నా చేతుల్లోంచి తీసుకుంటారు, మళ్ళీ తీస్తాడు. ఇవన్నీ తెలిసినవే. కెమెరాలోకి చూశాను. “నా పేరు సంజన. ఈ సంతకం కోసం నా ఇష్టంతో నేనే దరఖాస్తు చేసుకున్నాను.” ఇదివరకు ఈ మాట చదువు అప్పజెప్పినట్టు చెప్పేదాన్ని. ఈసారి ప్రతి మాటా నా చెవికి వినబడింది. నా ఇష్టంతో. నేనే.

“శాబాష్” అని ఆయన ఫోన్ లాక్కుని వాకిట్లోకి పోయాడు, ఖయ్యూం భాయ్‌తో మాట్లాడుతూ.

పన్నెండు దాటాక సంతకం వచ్చింది. లాప్‌టాప్‌కు కీ గుచ్చాను. కొత్త పాస్‌వర్డ్ పెట్టమని అడిగింది. పాతది ఆయన పేరు, ఆయన బండి నంబరు. వాకిట్లోకి కేకేశాను, “పాస్‌వర్డ్ ఏం పెట్టాలె?”

“ఏదన్న ఒకటి పెట్టు, తర్వాత జెప్పు!”

తొట్టెల కొక్కెం కిర్రుమంది. లేచిపోయి ఊపి వచ్చాను. ఎనిమిది అక్షరాలైనా ఉండాలంది. నాకు తోచిన పేరులో అన్ని లేవు. అందుకని అదే పేరు రెండుసార్లు కొట్టాను.

ఆ తర్వాత అన్నం వండాను, బాబుకు తినిపించాను, కాగితాలన్నీ వరసగా ఎక్కించాను. రెండున్నరకు ఆయన వచ్చి నన్ను పక్కకు జరగమని కుర్చీలో కూర్చున్నాడు. తన అంకె కొట్టాడు. ఇక సంతకం ఒక్కటే మిగిలింది. నన్ను అడగాలని కూడా తోచలేదు, తన పేరూ బండి నంబరూ కొట్టాడు. తప్పంది. బాబు పేరు కొట్టాడు. తప్పంది. వాళ్ళమ్మ పేరు. అదీ తప్పే. ఇంకొన్నిసార్లు తప్పయితే కీ మూతపడుతుందని చూపించింది.

“ఏం పెట్టినవే?”

“తండాల పెచ్చు పడ్డ పిల్ల పేరు. రెండుసార్లు కొట్టు.”

ఆయన నా వైపు తిరిగాడు. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మెడ నరాలు ఉబ్బాయి. “నాతోని పరాచికాలా? పేరు జెప్పు.”

“చెప్తుంటే వద్దంటివి గదా.”

“జెప్తవా లేదా?” చెయ్యి లేచింది. నేను జరగలేదు. తగిలింది. చెంప మండింది, చెవిలో గుయ్‌మంది. బాబు ఏడుపు అందుకున్నాడు. అత్తమ్మ తలుపు దగ్గరికి వచ్చి, “జెప్పరాదే, ఏం పోయింది?” అంది. తెర మీద గడియారం నడుస్తోంది. ఆయన ఫోన్ మోగింది. ఖయ్యూం భాయ్. “వేసినవా తమ్మీ? మావన్నీ పడ్డయి, నీదాని కోసమే చూస్తున్నం” అంటున్నాడు. ఆయన ముఖం చెమటతో తడిసిపోయింది.

బాబును ఎత్తుకున్నాను. “గంగామణి టీచర్ నంబర్ నీ ఫోన్ల ఉన్నది. ఎత్తొద్దన్న నంబరే. పేరు ఆమెను అడుగు. స్లాబు ఎన్నడు పోస్తవో గూడ ఆమెకే జెప్పు. లేకుంటే గీ కీ బాయిల పారేసినా నాకు ఒకటే.”

ఆయన గడియారం వైపు చూశాడు, కీ వైపు చూశాడు, నన్ను చూశాడు. ఖయ్యూం భాయ్‌ను మధ్యలోనే కట్ చేసి ఆ నంబరు నొక్కాడు. తొందరలో వేలు తగిలి స్పీకర్ పడింది. ఒక్క రింగుకే ఎత్తారు. వెనక పిల్లల గొడవ వినిపిస్తోంది.

“హలో, ఎవలు మాట్లాడేది?” అంది గంగామణి.

ఆయన నా వైపు చూశాడు, ఎప్పుడూ ఓటీపీ కోసం చూసినట్టే. నేను బాబును భుజాన వేసుకుని తొట్టెల వైపు తిరిగాను.

“ఎవలండీ?” ఆమె మళ్ళీ అడిగింది.