పిడికెడు బియ్యం డబ్బా

నేను ఒక రేకు డబ్బాను. పుట్టింది రస్కుల కోసం. రస్కులు అయిపోయాక టీ కొట్టువాడు నన్ను ఎస్తేరమ్మకిచ్చేశాడు. ఆమె నాట్లకీ కలుపుకీ వెళ్లే మనిషి. బాప్తిస్మం తీసుకుని అప్పటికి నెల. నన్ను బూడిదతో తోమి, ఎండబెట్టి, బియ్యం కుండ పక్కన పెట్టింది.

ఆ పేటలో క్రైస్తవ ఆడవాళ్లకు ఒక అలవాటుంది. ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు. అది దేవుడిది. ఆదివారం గుడిలో పోస్తారు.

మొదట్లో ఎస్తేరమ్మ పిడికిలి నా దాకా వచ్చేసరికి సగమయ్యేది. మిగతావి వేళ్ల సందుల్లోంచి కుండలోకే జారేవి. ఆమె భర్త ఏసోబు చూసి నవ్వాడు.

"ఏందే అది? దేవుడేమన్నా పిచ్చుకా?"

మర్నాటి నుంచి ఆమె వేళ్లు దగ్గరపడ్డాయి. ఏడాది తిరిగేసరికి పిడికిలి నిండింది. అప్పుడు ఇంకో జబ్బు పట్టుకుంది. గుడికి వెళ్లేటప్పుడు నాకు మూత పెట్టడం మానేసింది, నలుగురూ చూడాలని. నాకూ అది బాగానే ఉండేది. అబద్ధమెందుకు?

పక్కిల్లు తోడికోడలు సువార్తమ్మది. ఏసోబు అన్న భార్య. ఆయన పోయాక ఒక్కతే ఉంటోంది. ఆమె ఆరబోసుకున్న బియ్యం ఎస్తేరమ్మ కోడి తిన్నది. నీ కోడేనని ఆమె, నా కోడి కాదని ఈమె. అంతే, రెండేళ్లు మాటల్లేవు. గుడిలో మాత్రం వందనాలు చెప్పుకునేవారు, చెరొక గోడ వైపు చూస్తూ.

ఒక వానాకాలం వారమంతా ముసురు పట్టింది. పనుల్లేవు. శనివారం పొద్దువాలే వేళ ఏసోబు అన్నాడు.

"వదిన పొయ్యి రాజుకుని రెండ్రోజులైందే. జ్వరంతో పడుందంట."

కుండలో ఒక్క పూటకే ఉన్నాయి. నేను నిండుగా ఉన్నాను. ఎస్తేరమ్మ కుండ వైపు చూసింది. నా వైపు చూసింది. నన్ను ఎత్తుకుంది.

సువార్తమ్మ మంచం మీంచి లేవలేదు.

"ఎందుకొచ్చావు?"

"బియ్యం తెచ్చానక్కా."

"ఆ డబ్బాలోవా? అయ్యి దేవుడికి తీసినయ్యి గదే. ఇచ్చినట్టూ ఉండాల, నీ కుండ తగ్గకూడదూ! ఏం తెలివే నీది! తీసుకుపో."

ఎస్తేరమ్మ వేళ్లు బిగిశాయి. నా పక్క రేకు సొట్టపోయింది. నన్ను అరుగు మీద పెట్టి వానలోకి వెళ్లిపోయింది. కోపంతో పోయిందనుకున్నాను.

కొంగులో కుండ బియ్యమంతా కట్టుకుని తిరిగొచ్చింది.

"ఇయ్యి మాయే అక్కా. ఆ కోడీ నాదే. తింటంటే చూశా. తోల్లేదు."

సువార్తమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"మరి మీకు?"

"ఒక్క పూటేగా."

"చాల్లే. ఇన్ని నేనొక్కదాన్నే మింగుతానా? పొయ్యి అంటించు, జావ కాద్దాం. నా మరిదినీ రమ్మను."

ఎసరు మరిగాక సువార్తమ్మ ఆ కొంగులోంచే ఒక పిడికెడు తీసి నాలో వేసింది. జ్వరానికి చెయ్యి వణుకుతోంది. ఒక్క గింజ కింద పడలేదు.

మర్నాడు ఎస్తేరమ్మ నాకు మూత పెట్టి గుడికి తీసుకెళ్లింది.

ఆ తర్వాత ఆమెకు కోపం రాలేదని కాదు. కుళాయి దగ్గర ఎవరితోనైనా పడితే ఆమె గొంతు వీధి చివరిదాకా వినిపించేది. కాకపోతే సాయంత్రానికి తనే వాళ్లింటికి వెళ్లి, "వదినా, తప్పు నాదే" అని వచ్చేది. ఒక్కోసారి అది చెప్పడానికి వెళ్లి మళ్లీ పోట్లాడి వచ్చేది. మళ్లీ వెళ్లేది. ఇలా చాలా ఏళ్లు.

ఇప్పుడు నా అడుగు తుప్పు పట్టి ఊడింది. పాత సామాన్లవాడి బండిలో ఉన్నాను. నా పక్కన నూనె డబ్బా తనను ఎన్ని పెళ్లిళ్లలో వాడారో చెప్పుకుంటోంది. నేనూ ఎన్నో ఆదివారాలు నిండుగా గుడికి వెళ్లాను. వాటిలో ఒక్కటీ విడిగా గుర్తు లేదు. ఆమె నన్ను అరుగు మీద వదిలేసి, తన కుండ కోసం వానలో వెళ్లిన ఆ శనివారమే గుర్తుంది.