పైడిరాజు మూడేళ్ళ ఖాళీ

నేను ఒక బయోడేటా కాగితాన్ని. గాజువాకలో ఒక జిరాక్సు షాపులో పుట్టాను. పుట్టడమే ఒంట్లో వెలితితో పుట్టాను.

టైపు చేసిన మీనాకుమారి నన్ను ప్రింటరులోంచి వేడివేడిగా లాగి, ఎదురుగా నిలబడ్డ మనిషికి చదివి వినిపించింది. "పేరు పైడిరాజు, వయసు నలభై ఆరు, హెవీ లైసెన్సు, లారీ మీద పద్దెనిమిదేళ్ళు. అంతా బాగుంది గానీ అన్నా, ఈ ఆఖరి మూడేళ్ళూ ఏం రాయమంటారు?"

పైడిరాజు చెవులు ఎర్రబడ్డాయి. "ఒగ్గెయ్యమ్మా. తర్వాత సూద్దాం" అన్నాడు.

లారీ యజమానులు కాగితంలో ఖాళీ చూస్తే చాలు, వీడు ఎవరినో గుద్దేశాడనో, జైలుకు పోయాడనో, తాగి పడున్నాడనో అనుకుంటారు. పైడిరాజు ఇవేవీ చేయలేదు. వాళ్ళ అత్తగారు ఎర్నమ్మ పెరట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మొదటి ఆపరేషన్ కుదరలేదు. రెండోది చేశారు. పైడిరాజు భార్య గౌరిది మందుల కంపెనీలో పర్మనెంటు ఉద్యోగం. ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా! పైడిరాజు లారీ దిగి వంటింట్లోకి ఎక్కాడు. మూడేళ్ళు అత్తగారిని మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి ఎత్తాడు. జావ కాచాడు, తల దువ్వి జడ కూడా వేశాడు. పప్పు కలిపేటప్పుడు మాత్రం తెలియకుండానే గరిటెతో గేర్లు మార్చేవాడు.

ఇప్పుడు ఆవిడ చేతికర్రతో నడుస్తోంది. పైడిరాజుకు మళ్ళీ స్టీరింగు కావాలి. ఈలోగా బావమరిది ఒక అపార్టుమెంటులో వాచ్‌మన్ పని చూసిపెట్టాడు. సోమవారంలోగా ఔనో కాదో చెప్పాలి. కుర్చీలో కూర్చుని ఇతరుల బళ్ళకు గేటు తీయడం అన్న ఆలోచనకే పైడిరాజుకు అన్నం సహించడం లేదు. అయితే అత్తగారికి జడ వేశానని లారీ ఆఫీసులో చెప్పడమెలా? అక్కడ మీసాలున్న వాళ్ళుంటారు.

"దుబాయి ఎల్లినానని రాసెయ్ రా, ఎవుడికి తెలుస్తాది?" అన్నాడు స్నేహితుడు దేముడు. రాసేశాడు. మొదటి ఆఫీసులో మేనేజరు నన్ను చూసి సంబరపడిపోయాడు. ఆయన ఆరేళ్ళు అక్కడే ఉండి వచ్చాడట. "అయితే చెప్పు, అక్కడ బండి రోడ్డుకు ఏ పక్కన నడుపుతారు?"

పైడిరాజు కిటికీలోంచి రోడ్డు వైపు చూశాడు. "ఏ పక్క కాళీగా ఉంటే ఆ పక్కన, బాబూ."

బయటికి వచ్చాక నా మీద వైట్‌నరు పూసి, ఈసారి కాశీయాత్ర అని రాశారు. ఇదీ దేముడి సలహాయే. రెండో ఆఫీసు యజమాని అది చదివి లేచి నిలబడ్డాడు, చెప్పులు విడిచాడు, పైడిరాజు కాళ్ళకు దండం పెట్టాడు. కూతురి పెళ్ళికి ముహూర్తం ఎప్పుడు బాగుంటుందో అడిగాడు. ఆఖర్న అరడజను అరటిపళ్ళు చేతిలో పెట్టి, "మావి చేపల బళ్ళు స్వామీ. మీ చేత చేపలు మోయించి ఆ పాపం నేను మూటగట్టుకోలేను" అని సాగనంపాడు.

శనివారం మూడో ఆఫీసుకు వెళ్ళాం. యజమానురాలు ఇందుమతి గారు. ఆవిడ బళ్ళు గాజు పలకలు మోస్తాయి. ఆవిడ నన్ను ముఖం దగ్గరగా పెట్టుకుని, గట్టిపడిన వైట్‌నరును గోటితో గీకింది. కాశీ రాలిపోయింది. కింద దుబాయి తేలింది.

"ఇవి రెండూ ఒకే రూట్లో ఉన్నాయా?" అంది.

పైడిరాజు తల వంచుకున్నాడు. ఇక అబద్ధాలకు ఓపిక లేదు. "లేదండమ్మగారూ. మా అత్తకి తుంటి ఇరిగింది. మూడేళ్ళు నానే సూసుకున్నాను. వంట సేసినాను. జడ కూడా ఏసినాను" అన్నాడు.

గుమాస్తాలు పకపకా నవ్వారు. ఇందుమతి గారు నవ్వలేదు. "ఇదీ కథే కాదని ఎవరు చెబుతారు?"

పైడిరాజు ఇంటికి ఫోను చేశాడు. అరగంటలో ఆటో దిగి, కర్ర టకటకలాడించుకుంటూ ఎర్నమ్మ వచ్చింది. "ఏటమ్మా, మా అల్లుడికి సర్టిఫికెట్టు కావాలా? నానే సర్టిఫికెట్టు. సూసుకో" అంది.

ఇందుమతి గారికి ముచ్చటేసింది. ఖాళీ లారీ తీయించి, ఎర్నమ్మను క్యాబిన్లోకి ఎక్కించి, ఆవిడ చేతికి అంచుదాకా మజ్జిగ పోసిన గ్లాసు ఇచ్చింది. ఆఫీసు ముందున్న గుంతల రోడ్డు మీద హైవే దాకా వెళ్ళి రావాలి, చుక్క ఒలకకూడదు. తనూ ఎక్కి కూర్చుని నాతో విసురుకోసాగింది. అందువల్ల అంతా నా కళ్ళారా చూశాను.

పైడిరాజు స్టీరింగు పట్టుకున్నాడు. మూడేళ్ళయింది మరి. మొదటి గేరు గరగరలాడింది. "సిన్నగా రా! నన్ను కుర్సీలో దింపినట్టు దింపు!" అని అరిచింది అత్తగారు. అంతే, చేతులు కుదురుకున్నాయి. మొదటి గుంతలో బండి దిగిందీ తెలియలేదు, ఎక్కిందీ తెలియలేదు. ఇందుమతి గారు గ్లాసు వైపు చూసింది. ఖాళీ.

"ఒలికిందా?"

"ఒలకడమేటి? ఎండగా ఉందని తాగేసినాను" అంది ఎర్నమ్మ.

పరీక్ష చెడిందని పైడిరాజు ముఖం పాలిపోయింది. అయినా బండిని అలాగే నెమ్మదిగా తిప్పుకొచ్చాడు. గేటు ముందు ఆగేసరికి క్యాబిన్‌లో ఒకటే గురక. కర్ర ఒళ్ళో పెట్టుకుని ఎర్నమ్మ హాయిగా నిద్రపోతోంది. ఇందుమతి గారు భుజం తట్టి లేపితే కళ్ళు నులుముకుని, "ఏటి, ఇంకా బయల్దేరలేదా?" అంది.

"రేపు పొద్దున్న గాజు లోడుంది. ఆరింటికి వచ్చెయ్ పైడిరాజూ" అంది ఇందుమతి గారు. అతను క్యాబిన్‌లోంచి దిగకుండా కొంతసేపు స్టీరింగును తుడుస్తూ కూర్చున్నాడు.

నా ఖాళీలో దుబాయి కొట్టేసి, ఆవిడే స్వయంగా రాసింది: అత్తగారి దగ్గర, మూడేళ్ళు. తర్వాత సరదాకి నన్ను తిరగేసి, "మీరేం పని చేశారమ్మా ఇన్నాళ్ళూ? అదీ రాస్తాను" అంది.

ఎర్నమ్మ మొదలుపెట్టింది. వరి ఊడ్పులు, కోతలు, గోనె సంచుల మిల్లు, నలుగురు పిల్లలు, చింతపండు గింజ తీయడం, పదకొండేళ్ళు ఇడ్లీ బండి. నా వీపు అంచుదాకా నిండిపోయింది. "మరి ఖాళీగా ఎప్పుడున్నారు?" అని అడిగింది ఇందుమతి గారు.

ఎర్నమ్మ బాగా ఆలోచించింది. "తుంటి ఇరిగినప్పుడే తల్లీ. అదీ కాళీ కాదు. ఈడికి వంట నేర్పినాను."

ఇప్పుడు నేను ఆ ఆఫీసు బీరువాలో, ఫైల్లో ఉన్నాను. ఫైలుకు గుచ్చేటప్పుడు గుమాస్తా నాకు రెండు చిల్లులు పొడిచాడు. ఒకటి సరిగ్గా ఇడ్లీ బండి మధ్యలోంచి పోయింది. ఎర్నమ్మకు ఇంకా తెలియదు.