మూడో పిన్ను

ఎర్తింగ్ గుంత మూత తీసి వీరేశం రెండో బకెట్ నీళ్లు పోశాడు. ఎండకు నెర్రెలిచ్చిన మట్టి గుటగుటా తాగేసింది. ఈ మట్టి తడిగా ఉంటేనే దారి తప్పిన కరెంటు మనిషి జోలికి పోకుండా భూమిలోకి దిగుతుంది. కోకాపేటలోని ఆ అద్దాల మేడలో అంతమంది నిశ్చింతగా కంప్యూటర్ల ముందు కూర్చున్నారంటే, కాయలు కాసిన వీరేశం చేతులు ఏ గుంతనూ ఎండనివ్వకపోవడం వల్లనే.

"మీరుండగా మాకు భయమేంటండీ," అన్నాడు సూపర్‌వైజర్ మధుసూదన్ అటుగా వెళ్తూ.

ఆ మాట వీరేశానికి ముల్లులా గుచ్చుకుంది. నల్లగండ్లలో అతని కిరాయి గదికి ఉన్నది రెండు రంధ్రాల పాత బోర్డు. కొత్త ఇనుప కూలర్‌కేమో మూడు పిన్నుల ప్లగ్గు. కిందటి నెల తన చేత్తోనే మూడోదైన ఎర్తింగ్ పిన్ను కోసేశాడు. కోసిన చోట ఆకురాయితో నునుపు కూడా చేశాడు, పనిమంతుడు మరి.

"ముట్టుకుంటే జుమ్మంటున్నదయ్యా," అన్నది భార్య కిష్టమ్మ ఆ వారమే.

"చెప్పులేసుకొని ముట్టు. ఐతారం ఎర్తింగ్ వైరు గుంజుత."

ఆదివారాలు వచ్చాయి, పోయాయి. ఎర్తింగ్‌కని తెచ్చిన పచ్చ వైరు చుట్ట అతని సంచిలోనే ఉండిపోయింది. ఈ పొద్దున సద్ది కడుతూ ఆమె నవ్వింది.

"ఊరందరికి శకునం చెప్పిన బల్లి కుడితిల వడ్డదంట. నీ కథ గట్లనే ఉన్నది."

అప్పుడు అతనూ నవ్వాడు. ఇప్పుడు సిగ్గేసింది. ఏమైనా సరే, ఈ సాయంత్రం ఆ పని ముగించాలనుకున్నాడు.

ఇంకో గుంత మూత ఎత్తుతుండగా ఫోన్ మోగింది. పక్క గదిలో ఉండే నరేందర్.

"అన్నా, జల్ది రా. వదిన కూలర్ల నీళ్లు పోస్తుండె... దవాఖానకు తీస్కపోయినం. పానం లేదన్నరన్నా."

సాయంత్రం దవాఖాన నుంచి గదికి వచ్చేసరికి కూలర్ చుట్టూ ఒలికిన నీళ్లు ఇంకా ఆరలేదు. శుక్రవారం కదా, దేవుడి గూడున్న గదిలో చెప్పులెందుకని విడిచినట్టుంది. అవి గడప బయటే ఉన్నాయి.

"నేనే సంపుకున్న," అన్నాడు వీరేశం. దుఃఖంలో ఏదో అంటున్నాడనుకుని నరేందర్ అతని భుజం పట్టుకున్నాడు.

గూట్లో దీపపు కుందె తళతళలాడుతోంది. దాని పక్కనే, ఇత్తడిది పారేయబుద్ధిగాక ఆమె దాచుకుని, కుందెతోపాటే చింతపండుతో తోమిపెట్టిన మూడో పిన్ను.