కనకానికి డూపు

ఫిల్మ్‌నగర్‌లో త్రినాథరావు ఇంటి మేడ మీదికి ఒక తెల్లావిడ దిగిందనీ, ఆవిడ ఆయనకు ఊటీ షూటింగులో తగిలిందనీ, ఆయన భార్య శ్యామలాదేవి పాపం నోరు కుట్టుకుని ఇద్దరికీ వండి పెడుతోందనీ పక్కింటి బాలాత్రిపురసుందరి అన్నదట. అన్నది ఎవరితోనో కాదు, రెండిళ్ళలోనూ అంట్లు తోమే అనసూయమ్మతోనే. ఇంకేం, అక్కడ గిన్నెలు ఆరేలోగా మాట గోడ దిగి ఇవతలికి వచ్చేసింది.

"గట్లన్నదమ్మా ఆమె. నేనైతే ఒక్క మాట అనలే," అంది అనసూయమ్మ.

శ్యామలాదేవికి కోపం రాలేదు. కత్తిపీట వదిలి మరీ నవ్వింది. "ఊటీలోనా! మీ అయ్యగారికి ఊటీలో జలుబు తప్ప ఇంకేమీ తగల్లేదే! ఆవిడ మొగుడి కోసం కాదు, పిల్ల కోసం వచ్చిందని చెప్పు వెళ్ళి."

"చెప్పిన. పిల్ల గావాలంటే మొగుడుండాలె గదా, ఒక్కతే గీడేం జేస్తదట అన్నది."

మొగుడున్నాడు. లార్స్ అని, గుమ్మం దాటాలంటే నడుం వంచాల్సినంత పొడుగు మనిషి. స్వీడన్ నుంచి భార్యతో కలిసే వచ్చాడు. లాయరు వేలు పెట్టిన చోటల్లా సంతకం పెట్టాడు. సెలవు అయిపోతే ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. భార్య ఇంగ్రిడ్ మాత్రం ఉండిపోయింది. ఆవిడ అక్కడ చిన్నపిల్లల బడిలో టీచరు. పైవాళ్ళను బతిమాలి పొడుగాటి సెలవు పెట్టి వచ్చింది. బంజారాహిల్స్ దిగువన ఒక ఆశ్రమంలో పెరుగుతున్న కనకం అనే పసిపిల్లను దత్తత తీసుకుని, ఎక్కితే ఆ పిల్లను ఎత్తుకునే విమానం ఎక్కాలని ఆవిడ పట్టుదల.

ఆవిడ కేసు చూసే లాయరు సూర్యప్రకాశరావూ, సినిమాలు తీసే త్రినాథరావూ తణుకులో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్ళు. "మీ మేడ ఖాళీయేగా, ఓ రెణ్ణెల్లు ఉంటుందిరా," అని ఆయన అడిగితే ఈయన సరేనన్నాడు. రెణ్ణెల్లనేది లాయరు లెక్క. తొంభై మూడు శివరాత్రికి దిగిన మనిషి, ఆవకాయ జాడీలకు వాసెన కట్టే రోజులు దాటి, శ్రావణమాసపు పేరంటాలు మొదలైనా మేడ మీదే ఉంది.

త్రినాథరావుకు ఈ దత్తత వ్యవహారమంతా తనకు తెలిసిన దారిలోనే అర్థమైంది. సాయంత్రం వరండాలో కుర్చీ వేయించుకుని ఇంగ్రిడ్‌కు పాఠం చెప్పేవాడు.

"చూడమ్మా, మీ దేశంలో మీ ఇల్లూ వాకిలీ చూసి రిపోర్టు రాశారే, అది కథ ఓకే అవడం. నువ్వొచ్చి పిల్లను చూసుకున్నావు, షూటింగైపోయింది. ఇప్పుడు ఢిల్లీవాళ్ళు మాకేమీ అభ్యంతరం లేదని కాయితం ఇవ్వాలి, అది సెన్సారు. ఆ పైన కోర్టు. అది రిలీజు."

"రిలీజు ఎప్పుడు?"

"ఆ ఒక్కటీ నిర్మాతని అడక్కూడదు."

సెన్సారు దగ్గరే బండి ఆగిపోయింది. పెళ్ళి సర్టిఫికెట్టు, జీతాల సర్టిఫికెట్టు, జైలుకెళ్ళలేదన్న సర్టిఫికెట్టు, పిల్లల్లేరన్న సర్టిఫికెట్టు, మంచివాళ్ళేనని ఇరుగుపొరుగు రాసిన ఉత్తరాలు, అన్నీ స్వీడన్ భాష నుంచి ఇంగ్లీషులోకి మారి, నోటరీ ముద్ర వేసుకుని, ఎంబసీ ముద్ర వేసుకుని వచ్చాయి. ఇరుగుపొరుగు ఉత్తరం సంగతి విన్నప్పుడు శ్యామలాదేవి గుండె మీద చెయ్యి వేసుకుంది. "మనకా అవసరం రాలేదు కాబట్టి సరిపోయింది. బాలాత్రిపురసుందరి చేత రాయించాల్సొస్తే ఏమైపోదుం!"

ఇంటి ఫోటో దగ్గర లాయరుకూ ఇంగ్రిడ్‌కూ పెద్ద పేచీయే వచ్చింది.

"ఇందులో ఇల్లెక్కడుందండీ? పిండి ఆరబోసినట్టు ఉంది," అన్నాడు సూర్యప్రకాశరావు.

"మంచు," అంది ఇంగ్రిడ్. "ఇల్లు కింద ఉంది."

"జడ్జిగారు పిల్లని ఎక్కడ పెంచుతారంటే మంచు కిందనని చెప్పనా? ఎండలో తీసింది తెప్పించండి."

ఎండ రావడానికి అక్కడ ఇంకా టైముందట. ఆ ఫోటో కోసం ఒక నెల పోయింది. కోర్టుకు వేసవి సెలవుల కింద ఒక నెల పోయింది. ముందే పంపిన కాయితాన్ని ఢిల్లీవాళ్ళు మళ్ళీ పంపమంటే పంపడానికి కొన్ని వారాలు పోయాయి.

ఫిల్మ్‌నగర్‌లో ఎదురుచూడ్డం ఎవరికీ వింత కాదు. ఏ గేటు ముందు చూసినా చంకలో ఆల్బం పెట్టుకుని వేషం కోసం నిలబడ్డవాళ్ళే. ఇంగ్రిడ్ చంకలో ఫైలు పెట్టుకుని ఆటో కోసం నిలబడితే ఆవిడనూ వాళ్ళలోనే కలిపేశారు. దారిన పోయే ఒక డైరెక్టరు కారాపి, రైతుల్ని కొరడాతో కొట్టించే దొరసాని వేషం ఉంది, చేస్తావా అని అడిగాడు.

"తల్లి వేషం ఉంటే చెప్పుండ్రి," అందట ఆవిడ. డైరెక్టరు, ఆ తెలుగు ఎక్కడ నేర్చుకుందో తెలియక, కారు కదిలించలేకపోయాడు.

నేర్పింది అనసూయమ్మ. పెరట్లో అంట్లు తోముతూ, చింతపండు గింజలు తీస్తూ, తనుండే రహమత్‌నగర్ బస్తీ తెలుగును ఉన్నదున్నట్టు దింపేసింది. తన సినిమాల్లో పాలేరు చేత కూడా పుస్తకంలా మాట్లాడించే త్రినాథరావుకు అది గొంతు దిగలేదు.

"ఏంటమ్మా ఆ భాష? 'ఏమండీ' అను. 'కాదండీ' అను. ఎంత బావుంటుంది!"

"గదేంది సార్, మంచిగనే ఉన్నది గదా," అనేది ఇంగ్రిడ్. లోపల అనసూయమ్మ నవ్వుతో పాటు గిన్నెలు కూడా చప్పుడు చేసేవి.

రోజూ పొద్దున్నే ఆశ్రమానికి వెళ్ళేది. కనకం అందగత్తె ఏమీ కాదు. నల్లగా, బక్కగా, ఎడం బుగ్గ మీద చింతగింజంత పుట్టుమచ్చతో ఉండేది. ఏడుపులో మాత్రం ఆ పిల్లకు సాటి లేదు. పాలు వేడిగా ఉంటే ఏడుపు, చల్లారితే ఏడుపు. కొత్త మొహం కనిపిస్తే సరే సరి. మొదటి నెలలో ఇంగ్రిడ్ రాగానే ఏడ్చేది. రాను రాను వచ్చినప్పుడు మానేసి, ఆవిడ వెళ్ళిపోయేటప్పుడు ఏడవడం మొదలుపెట్టింది. ఆ సంగతి ఆదివారం ఫోనులో లార్స్‌తో చెబుతూ ఇంగ్రిడ్ కళ్ళు తుడుచుకుంది. పక్కన నిలబడ్డ శ్యామలాదేవికి భాష తెలియకపోయినా ఆమె కూడా కళ్ళు తుడుచుకుంది.

ఆషాఢంలో ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. ఫైల్లో ఉన్న ఫోటో పిల్ల మరీ పొత్తిళ్ళలో ఉన్నప్పటిది, మొహమంతా కనిపించేలా కొత్తది పంపండి అని. ఆ రోజే ఇంగ్రిడ్ వీసా గడువు పెంచమని అర్జీ పట్టుకుని ఆఫీసులో లైనులో నిలబడాల్సి వచ్చింది.

"ఫోటో సంగతి నాకు వదిలెయ్యమ్మా. మన ఓదెలు చేత తీయిస్తాను," అన్నాడు త్రినాథరావు.

ఓదెలు ఆయన సినిమాలకు స్టిల్ ఫోటోగ్రాఫరు. అరవై ఏళ్ళ హీరోను కాలేజీ కుర్రాడిలా చూపించగల మొనగాడు. ఇద్దరూ కారు వేసుకుని ఆశ్రమానికి వెళ్ళారు. కనకం ఓదెలు గడ్డం చూసి ఒక ఏడుపు ఏడ్చింది, కెమెరా చూసి ఇంకొకటి, ఫ్లాషు వెలిగాక అసలుది. త్రినాథరావు చిటికెలు వేశాడు, కోతిలా గెంతాడు, తాళాల గుత్తి ఆడించాడు. ఆ పిల్ల ఊపిరి తీసుకోవడానికి ఆగడమే గానీ ఏడుపు ఆపింది లేదు.

"సార్, గిట్ల నోరు తెరిస్తే కొండనాలుక వస్తది గానీ మొఖం రాదు," అన్నాడు ఓదెలు.

సినిమాల్లో పసిపిల్ల సీనుంటే ఒక పిల్లను తెచ్చుకుని ఎవరూ షూటింగు పెట్టుకోరు. ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఒకటి నిద్రపోతే రెండోది, అది ఏడిస్తే మూడోది. తెర మీద హీరోయిన్ ఉయ్యాల్లో వేసింది ఒకరి బిడ్డ, ఎత్తుకుని ముద్దాడింది మరొకరి బిడ్డ. గౌను తొడిగితే మగపిల్లాడు కూడా ఆ సీనుకు ఆడపిల్లే. చూసేవాళ్ళు ఎన్నడూ కనిపెట్టింది లేదు, తీసేవాళ్ళకు అది తప్పని తోచిందీ లేదు. త్రినాథరావు పక్క ఉయ్యాల్లోకి చూశాడు. అందులో సిరి అనే పిల్ల, కనకం ఈడుదే, కాలి బొటనవేలు నోట్లో పెట్టుకుని ఎవరూ అడక్కుండానే నవ్వుతోంది.

"డూపును పెట్టెయ్," అన్నాడు.

ఓదెలు క్లిక్కుమనిపించాడు. సినిమావాళ్ళేదో ముచ్చటపడుతున్నారనుకుంది ఆశ్రమం ఆయా. ఫోటోలు కడిగించి నేరుగా లాయరు గుమాస్తా చేతికిచ్చారు. లాయరు కనకాన్ని చూసింది పొత్తిళ్ళలో ఉన్నప్పుడు ఒక్కసారి. బావుందే పిల్ల అనుకుని, ఢిల్లీ అర్జీకీ, డాక్టరు సర్టిఫికెట్టుకూ, పాసుపోర్టు కాయితాలకూ అన్నింటికీ అంటించి ఆ సాయంత్రమే పంపేశాడు.

"పనైపోయిందమ్మా, బ్రహ్మాండంగా వచ్చింది," అని త్రినాథరావు చెబితే, ఇంగ్రిడ్ ఆయనకు రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది.

శ్రావణ శుక్రవారం నాడు లాయరు కారు హారను కొట్టుకుంటూ వచ్చింది. ఢిల్లీ కాయితం చేతిలో ఊపుకుంటూ దిగాడు. శ్యామలాదేవి పేరంటానికి చేసిన పూర్ణాలు పళ్ళెంలో పెట్టుకొచ్చింది. ఏదో స్టిల్సు ఇవ్వడానికి వచ్చిన ఓదెలు కూడా ఒకటి నోట్లో వేసుకున్నాడు.

"ఇక కోర్టులో ఒక్క వాయిదా. పిల్లను జడ్జిగారి ముందుకు తీసుకెళ్తాం, ఆయన చూస్తారు, సంతకం పెడతారు. ఈ నెలాఖరు విమానానికి టిక్కెట్టు కొనుక్కోవచ్చు," అన్నాడు సూర్యప్రకాశరావు.

నెలాఖరుకే ఇంగ్రిడ్ సెలవూ, వీసా రెండూ అయిపోతాయి. కాయితం అందుకుని, ఒళ్ళో పెట్టుకుని, వేలితో మెల్లగా తడుముతూ చదివింది. కింద ఫోటో దగ్గర వేలు ఆగింది. గుండ్రటి ముద్ర సగం పిల్ల బుగ్గ మీద పడింది. ఆ పిల్ల నవ్వుతోంది.

"ఎవరీ పిల్ల?"

అందరూ నవ్వారు. "నవ్వుతుంటే పోల్చుకోలేకపోతున్నావా? నీ కూతురేనమ్మా," అంది శ్యామలాదేవి.

"కాదు. ఈమె సిరి."

ఓదెలు నోట్లో పూర్ణం అటూ ఇటూ పోకుండా నిలిచిపోయింది. త్రినాథరావు మాత్రం ఏమీ దాచలేదు. దాచాల్సిందని ఆయనకు తోస్తే కదా! "అదా! మనది ఒకటే ఏడుపమ్మా. అందుకని ఆ పక్క పిల్లను డూపు పెట్టాం. ఫోటోయేగా!"

లాయరు కాయితం మీదికి వంగి చూశాడు. "డూపా! ఒరేయ్ త్రినాథా, ఇది సినిమా అనుకున్నావట్రా? డాక్టరు సర్టిఫికెట్టులో బుగ్గ మీద మచ్చ ఉందని ఉంది. ఫోటోలో మచ్చ లేదు. జడ్జిగారి ముందుకు మచ్చ ఉన్న పిల్లను తీసుకెళ్తే ఆయన నన్నేమనుకుంటాడు? పిల్లల్ని మార్చి అమ్ముకుంటున్నామనుకోడూ?"

"నిజం చెప్పి వేరే ఫోటో పంపుదాం," అంది ఇంగ్రిడ్, ఇంగ్లీషులో.

"పంపాలి. అప్పుడు ప్రతి కాయితం మళ్ళీ మొదట్నించి. ముందు ఎందుకు మార్చారో విచారణ. ఏడాది పట్టొచ్చమ్మా. అసలు కొట్టేసినా కొట్టేయొచ్చు. ఈలోగా మీరు వెళ్ళిపోవాల్సిందే."

ఇంగ్రిడ్ కాయితాన్ని బల్ల మీద పెట్టింది. ఆవిడ మొహంలో రక్తం ఎప్పుడూ తక్కువే, ఇప్పుడు ఆ కాస్తా కూడా లేదు. తలుపు దగ్గర చీపురు పట్టుకుని నిలబడిపోయిన అనసూయమ్మ, "అయ్యో, ఎంత పని జేసిండ్రు సారూ," అంది. శ్యామలాదేవి మొగుడి వైపు చూసిన చూపు ముందు ఆ మాట చాలా మర్యాదగా ఉంది.

త్రినాథరావు నుదురు రుద్దుకున్నాడు. నిజంగానే బాధపడ్డాడు. బాధపడితే ఆయన బుర్ర పనిచెయ్యడం మొదలుపెడుతుంది. షూటింగు మధ్యలో హీరోయిన్ అలిగి వెళ్ళిపోతే, చెరువు సీనుకు చెరువు ఎండిపోతే, ఏదో ఒకటి సర్దేసి సినిమా పూర్తి చేసినవాడు.

"ఒరేయ్ సూర్యం, ఆగు. ఆ సిరి కూడా దత్తతకిచ్చే పిల్లేనా?"

"ఆ. దానికీ ఎవరూ లేరు."

"ఇంకెవరైనా అడిగారా దాన్ని?"

"ఇంకా లేదు. ఎందుకు?"

"మరింకేంట్రా! కాయితాల మీదంతా దాని మొహమే ఉంది. ముద్ర కూడా దాని బుగ్గ మీదే పడింది. పేరొక్కటీ మార్చి, ఆ డాక్టరు చేత మచ్చ లేదని రాయించుకుంటే అయిపోయె! కోర్టుకి దాన్నే తీసుకెళ్దాం." ఇంగ్రిడ్ వైపు తిరిగాడు. గొంతు మెత్తబడింది. "చూడమ్మా, రెండూ ఒకే ఈడువి. అదీ దిక్కులేనిదే, నువ్వు తీసుకెళ్తే నీకూ పుణ్యమే. పైగా తెల్లారి లేస్తే నవ్వుతూ ఉంటుంది. ఆ కనకం రోజంతా ఏడుపే కదమ్మా, నీకు మాత్రం సుఖమేముంది? నెలాఖరుకి హాయిగా బిడ్డతో ఇంటికెళ్తావు."

లాయరు, అలా కుదరదు అనడానికి నోరు తెరిచాడు. తెరిచి, ఆలోచిస్తూ ఉండిపోయాడు. కుదురుతుందేమోనని ఆయనకే అనిపిస్తున్నట్టుంది.

ఇంగ్రిడ్ లేచి నిలబడింది. ఈసారి ఇంగ్లీషు వెతుక్కోలేదు.

"నాకు కనకమే గావాలె. ఏడాదైతే ఏడాదే గానీ. మీ ఇంట్ల పిల్ల ఏడిస్తే గూడ గిట్లనే మారుస్తరా సార్?"