జోరీ వెండి డాలరు

1963 అక్టోబరు పన్నెండు, శనివారం, పొద్దున్న పదిగంటలవేళ వర్జీనియా సిటీలో మోర్వెన్నా మాంసం కూరి కాల్చే పేస్టీలకు పిండి కలుపుతోంది. మర్నాడు మనవడికి బాప్తిస్మం.

ఆ ఇంట బాప్తిస్మమప్పుడు బిడ్డ పిడికిట్లో ఒక వెండి డాలరు పెడతారు. డాలరు మీది స్త్రీ ముఖానికి ఆ బిడ్డతోపాటే వయసు పైబడుతుంది. పెట్టెలో ఉన్నా, ఎవరూ ముట్టకపోయినా, మనిషికి ఏళ్లొచ్చేకొద్దీ ఆమె చెవి మీది జుట్టు అరుగుతుంది. మనిషి పోతే అరగడం ఆగిపోతుంది. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే.

పోయినవాళ్ల డాలరూ పేరూ కొత్త బిడ్డకు వస్తాయి. మోర్వెన్నా తమ్ముడు జోరీ ఎక్కిన చేపల పడవ అలాస్కా దగ్గర మునిగి ఐదేళ్లయింది. పిల్లాడికి జోరీ అని పెడదామని కూతురు డీలియా అన్నప్పుడు ఆమె కాదనలేదు. ఔననీ అనలేదు.

"అమ్మా, కోప్పడకు," అంటూ డీలియా వచ్చి అరచెయ్యి చాపింది. "మామయ్య డాలరు నల్లగా ఉందని వంటసోడాతో రుద్దాను."

"మొహానికి సున్నం కొట్టినట్టు చేశావు కదే," అంది మోర్వెన్నా. చేతులు కడుక్కుని, కూతుర్ని వెంటబెట్టుకుని నాణేల కొట్టుకు నడిచింది.

కొట్టు ముసలాయన ఆమ్సెల్ డాలరును అంచులు పట్టుకు చూసి మూలిగాడు. "పద్దెనిమిదొందల ఎనభై తొమ్మిదిది. దండ కింద రెండు 'సి'లు, మన పక్కూరు కార్సన్ టంకశాలది. ఎక్కడో గానీ దొరకదు. డీలియా తల్లీ, సగం ధర సింకులో పోశావు."

"అమ్ముతామా ఏంటి? మళ్లీ నల్లగా చెయ్యగలరా?" అంది డీలియా.

"దానంతటదే నల్లబడాలి." ఆయన భూతద్దం కంటికి ఆనించి డాలరును అటూ ఇటూ తిప్పాడు. "మోర్వెన్నా, పడవ మునిగిన వారం ఇది తెచ్చావు. అప్పుడు చెవి మీద జుట్టు పాయలు పాయలుగా ఉంది. కొన్నేళ్లాగి తెమ్మన్నాను. తేలేదేం?"

"భయమేసింది," అంది మోర్వెన్నా.

"ఇప్పుడా జుట్టు చదునైపోయింది."

"నేను రుద్దబట్టేమో," అంది డీలియా.

"సోడా గీతలైతే మిట్టా పల్లం చూడవు. ఇవిగో, అంతటా ఉన్నాయి. ఇది వేరు. జుట్టు, చెంప, వెనక గద్ద రొమ్ము, ఎత్తున్నచోటే అరిగింది. ఆ అరుగు మీదే నీ గీతలు పడ్డాయి." ఆయన భూతద్దం దించాడు. "ధర ఇంకా పడిపోయిందమ్మా. మీవాడు ఎక్కడో ముసలాడవుతున్నాడు."

మోర్వెన్నా అక్కడున్న స్టూలు మీద కూర్చుంది. పెదవులు కదులుతున్నాయి గానీ ప్రార్థన బయటికి వినబడలేదు.

ఆమ్సెల్ సొరుగులోంచి ఇంకో డాలరు తీశాడు. "పంతొమ్మిదొందల ఇరవైరెండుది. బోలెడున్నాయి. పిల్లాడికి ఇదివ్వండి. పేరు మాత్రం మీరే వెతుక్కోండి."

మర్నాడు పొద్దున్న పిల్లాడు ఆ మామూలు డాలరును గట్టిగా పట్టుకుని పెరాన్ అని పేరు పెట్టించుకున్నాడు. పాస్టరుగారు ప్రార్థనలో జోరీ పేరును పోయినవాళ్లలో కాక ప్రయాణంలో ఉన్నవాళ్లలో చదివారు. ఇంటికొచ్చాక మోర్వెన్నా పేస్టీలు వడ్డించింది. ఎప్పటిలాగే ఒక్కోదాని మూల తినేవాళ్ల పేరులో మొదటి అక్షరం గీసి ఉంది. అందరికీ అందాక ఒకటి మిగిలింది. డీలియా దాన్ని తిప్పి అక్షరం చూసింది.

"చల్లారిపోతుందేమో అమ్మా."

"మూత పెట్టు," అంది మోర్వెన్నా.