నవ్వు కోసం ఆగే మనిషి

మెండెల్ ప్లాట్కిన్‌కు యాభై ఎనిమిదేళ్లు. అందులో ఇరవై ఆరేళ్లు ఒకే ఒక్క బూట్ల షాపు హాస్య నాటికతో గడిచిపోయాయి. బఫెలో నుంచి ఒమాహా దాకా అతను ఎక్కని స్టేజీ లేదు, నడుం వాల్చని రైలు బెంచీ లేదు. ఆ స్టేజీలన్నీ ఒక్కొక్కటిగా సినిమా హాళ్లయిపోయాక, న్యూయార్క్‌లో టెలివిజన్ వాళ్లు కబురు పెట్టారు. పదమూడు వారాల కార్యక్రమమట. ఇక రైళ్లెక్కక్కర్లేదన్న మాట వినగానే అతని మోకాళ్లు ఒప్పేసుకున్నాయి.

ఆ నాటికలో బూట్లు కొనేవాడు మెండెల్, అమ్మేవాడు అతని జోడీ డెస్మండ్ కీగన్. జనం చూసేది మెండెల్‌నే. కానీ ఏ మాట తర్వాత ఎంతసేపు ఆగాలో తెలిసినవాడు కీగన్. నవ్వు లేచి, పొంగి, కాస్త తగ్గుతుండగా సరిగ్గా అప్పుడు నోరు విప్పుతాడు. తొందరపడితే నవ్వు చస్తుంది, ఆలస్యమైతే ఆటే చస్తుంది. ఇంత విద్యనూ ఎవరూ విద్య అనుకోలేదు పాపం.

ఇక్కడ, ఈ టెలివిజన్ స్టూడియోలోనేమో, జనమే లేరు. కెమెరాలూ, తీగలూ, చప్పుడు చేయకూడదని నోళ్లు మూసుకున్న పనివాళ్లూ ఉన్నారు.

"రికార్డు చేసిన నవ్వులు తర్వాత మేం కలుపుకుంటాం," అన్నాడు దర్శకుడు వారెన్. ముప్ఫై ఏళ్లు కూడా ఉండవు. "మీరు ప్రతి జోకుకీ రెండు సెకన్లు ఆగండి కీగన్ గారూ, చాలు."

"ఏ జోకైనా రెండేనా?"

"ఏదైనా రెండే."

"నవ్వు వినపడకుండా ఎంతసేపు ఆగాలో నాకెలా తెలుస్తుందయ్యా?"

"అదే చెప్తున్నాగా. రెండు."

పొద్దుటి నుంచి పదకొండుసార్లు తీశారు. కీగన్ చెవులు రిక్కించుకుని, రాని నవ్వు కోసం నిలబడిపోతాడు. అంతలోనే కంగారుపడి మెండెల్ మాటకు అడ్డం పడతాడు. తిండివేళ వారెన్ మెండెల్‌ను పక్కకు పిలిచాడు.

"గ్లెన్ అని మా నటుడొకడున్నాడు. రెండంటే రెండే ఆగుతాడు. మీరు ఊ అంటే అతనితో తీస్తాం. లేదంటే ఇద్దరికీ దణ్ణం."

మెండెల్ వెళ్లి కీగన్‌కు ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"ఊ అనరా సన్నాసీ," అన్నాడు కీగన్, శాండ్‌విచ్ నములుతూనే. "ఆ మోకాళ్లేసుకుని మళ్లీ ఒమాహా పోతావా?"

"మరి నువ్వు?"

"కూర్చుంటాను. ఇన్నేళ్లూ నిలబడే ఉన్నాగా."

మెండెల్ ఊ అన్నాడు. సిగ్గేసింది. సిగ్గుపడే ఓపిక కూడా ఎక్కువసేపు లేదు.

గ్లెన్ ఏప్రన్ కట్టుకుని వచ్చాడు. కెమెరా తిరిగింది.

"ఒక్క బూటే కావాలండీ," అన్నాడు మెండెల్.

"జత కొనాలయ్యా! ఒక్కటేం చేసుకుంటావు?"

"రెండోది మా ఆవిడ దగ్గరుందండీ. గురి కుదిరేదాకా ఇవ్వనంటోంది."

కెమెరాల వెనకనుంచి ఒక నవ్వు వినిపించింది. బొంగురుగా, దగ్గుతో కలిసి, ఆగకుండా. ఎవరిదో మెండెల్‌కు తెలియలేదు. తల తిప్పి చూస్తే, మడత కుర్చీలో కీగన్ పొట్ట పట్టుకుని ఊగిపోతున్నాడు. స్టేజీ మీద మొహం కదపకపోవడమే అతని పని. ఈ జోకుకు అతను నవ్వితే ఎలా ఉంటుందో ఇన్నేళ్లలో మెండెల్ ఒక్కసారి కూడా వినలేదు.

రెండు సెకన్లయ్యాయి. గ్లెన్ నోరు తెరిచాడు.

"ఆగవయ్యా," అన్నాడు మెండెల్, కెమెరా తిరుగుతుండగానే. "ఇంకా నవ్వుతున్నాడు."