కనకక్క కుడిచెయ్యి

కాళ్లు బారచాపి కూర్చున్న కమలం పిక్కల మీద నెలబిడ్డ బోర్లా పడుకుని ఉంది. మాడుకు ఆముదం అద్దడం అయింది. ఇక వీపుకు కొబ్బరినూనె, మెడ నుంచి నడుము దాకా, బొటనవేళ్లతో. పసివాళ్ల మీద బలం చూపకూడదు, నిమిరినట్టుండాలి. స్నానం కాగానే ఆ బిడ్డ మూడు గంటలు ఒళ్లెరగకుండా నిద్రపోతుంది. తల్లి కూడా కాస్త నడుం వాలుస్తుంది.

కోయంబత్తూరు శివార్లలోని ఆ తెలుగువాళ్ల వీధిలో కమలం పట్టని ఒళ్లు లేదు. అరవై ఏళ్ల మనిషి, గట్టిగా గాలి వీస్తే పడిపోయేట్టుంటుంది. చేతులు మాత్రం ఇంకెవరివో తెచ్చి అతికించినట్టు పెద్దవి. మిల్లులో నిలబడి నిలబడి చెన్నకేశవన్ పాడుచేసుకున్న మోకాళ్లకు వావిలాకు మూట వేడిచేసి కాపడం పెడుతుంది. నిద్రపట్టని రంగమ్మాళ్‌కు అరికాళ్లు పిసికితే, ఆవిడ కోడలి మీద చాడీలు సగంలో ఆపేసి గుర్రు పెడుతుంది. మాత్రలకు లొంగనిది దీనికెలా లొంగిందని అడిగితే కమలం నవ్వేది.

"ఒకరు చెయ్యేస్తే ఒంటికి ధైర్యం వస్తాది. అంతే."

కమలం ఒంటి మీద మాత్రం చెయ్యేసినవాళ్లు లేరు. మొగుడు పోయి ముప్పై ఏళ్లు, పిల్లలు లేరు.

ఆ రోజు చెన్నకేశవన్ ఇంట్లోనూ, రంగమ్మాళ్ ఇంట్లోనూ ఆమె తొందరపడింది. కనకక్క ఇంటికి వెళ్లాలి. ఈ రోజే ఆఖరు.

పక్షవాతంతో కనకం కుడివైపు పడిపోయి ఎనిమిదేళ్లయింది. మాట ముద్దగా వస్తుంది. కుడిచెయ్యి పిడికిలిగా బిగుసుకుపోయింది. గోళ్లు అరచేతిలో దిగకుండా పాతచీర గుడ్డను చుట్టగా చుట్టి కమలమే అందులో పెడుతుంది. రోజూ ఆ చుట్ట తీసి, గోరువెచ్చని నువ్వులనూనెతో భుజం నుంచి మొదలుపెట్టి, మణికట్టు దాటి, వేలు వేలూ విప్పుతుంది. కమలం వదలగానే పిడికిలి మళ్లీ మూసుకుంటుంది. మర్నాడు మళ్లీ మొదటికే. కనకం ఎన్నోసార్లు అంది, "నా చెయ్యి రానీ కమలం, మొదట నీ తలకే నూనె పెడతా" అని. ఆ ఒక్క మాట పట్టుకుని ఎనిమిదేళ్లు నడిచింది కమలం.

కనకం కోడలు మాలిని చెడ్డదేం కాదు. రేపటి నుంచి ఫిజియోథెరపీ సెంటర్ వాళ్లు మిషన్‌తో వచ్చి చేతికి వైద్యం చేస్తారని, ఇక కమలం రానక్కర్లేదని కిందటి వారమే చెప్పింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా. కమలం "శరి" అంది. ఇంటికెళ్లి అన్నం తినలేకపోయింది.

"నాకు రొంబ అలుపుగా ఉండాదే," అంది కనకం, ఆమెను చూసి.

"కండ్లు మూసుకోక్కా. నే చూసుకుంటా."

గుడ్డచుట్ట తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. భుజం అయింది, మోచెయ్యి అయింది. కనకం కళ్లు మూతపడ్డాయి. చిటికెనవేలు విప్పి, దాని పక్కవేలు దగ్గరికి వచ్చేసరికి కమలం చేతులు ఆగిపోయాయి. తను పట్టని వేళ్లు కదిలాయి. ఒకదాని వెంట ఒకటిగా, ఎవరూ లాగకుండా, పిడికిలి మొత్తం విప్పుకుంది. అరచెయ్యి తెల్లగా, మెత్తగా ఆమె ఒళ్లో వెల్లకిలా పడి ఉంది.

కమలం ఆ చెయ్యిని మెల్లగా వదిలి చూసింది. మూసుకోలేదు.

"మాలినీ! బిరీన రా! అక్క చెయ్యి వచ్చిండాది! మిషన్ వద్దమ్మా, వద్దు! వచ్చేసిండాది!"

గరిటెతోనే పరుగెత్తుకొచ్చిన మాలిని చెయ్యి వైపు చూడలేదు. కనకం ముఖం చూసింది.

"అత్తా," అంది. మళ్లీ పిలిచింది. గరిటె కింద పడింది.

అప్పుడు కమలం కూడా ముఖం చూసింది. ఎనిమిదేళ్లు ఆమె చూసింది చెయ్యినే. ఇంకా నవ్వుతూనే ఉన్న తన నోటిని నూనె చేత్తో మూసుకుంది. తను సంతోషపడిన ఆ రెండు నిమిషాలకు ఆమె మళ్లీ ఎప్పుడూ తనను క్షమించుకోలేదు.

సాయంత్రానికి మదురై నుంచి, పొల్లాచ్చి నుంచి చుట్టాలు వచ్చారు. వాకిట్లో బల్ల మీద పడుకోబెట్టి, ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కనకం తలకు కడపటి నూనె పెడుతున్నారు. మాలిని ఏడ్చి ఏడ్చి గోడకు ఆనుకుని ఉంది. వరుసలో కమలం వంతు వచ్చింది. గిన్నె పట్టుకున్న ముసలామె ఆమెను కిందికీ మీదికీ చూసింది.

"నీవు ఏమవుతావమ్మా ఈమెకి?"

కమలం ఆలోచించింది. ఏ వరుసా దొరకలేదు.

"ఒళ్లు పట్టేదాన్ని."

"అయితే పక్కకి రా తల్లీ. చుట్టాలే పెట్టాల."

పక్కకి వచ్చింది. నూనె లేని తన జుట్టును ముడివేసుకుంటూ, వీధి వెంట ఇంటికి నడిచింది.

కనకం గదిలో కిటికీ గట్టు మీద గుడ్డచుట్ట అలాగే ఉంది, నూనె ఇంకి, నాలుగు వేళ్లు నొక్కిన పల్లాలతో.